చిన్న తేడా దగ్గరే ఆగవలసింది

సంపాదకులకు,

ఆర్యా,

వ్యాపార రంగంలో నైతిక విలువల గురించి మీ సంపాదకీయ పేజీలో ఇటీవల వెలువడిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మేనేజ్‌మెంట్ కళాశాలల్లో నీతిశాస్త్రాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలనీ, పిల్లలకు ఇంట్లోనే నిజాయతీ అలవాటు చేయాలనీ వ్యాసకర్త సూచించారు. రెండూ కాదనలేని మాటలే. అయితే ఆ రెండు సూచనలూ నీతిని వ్యక్తి గుణంగా మాత్రమే చూస్తున్నాయి. మంచివాడు పెద్ద కుర్చీలో కూర్చుంటే సంస్థ బాగుంటుందనీ, చెడ్డవాడు కూర్చుంటే చెడుతుందనీ వాటి వెనుక ఉన్న నమ్మకం. మూడు దశాబ్దాలకు పైగా బ్యాంకు శాఖల్లో పనిచేసి కంపెనీల ఖాతాలను దగ్గరగా చూసినవాడిగా, ఈ నమ్మకం సరిపోదని నా అభిప్రాయం. ఎందుకు సరిపోదో చెప్పడానికి దూరదేశాలకు పోనక్కర లేదు. మన హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో జరిగిన లెక్కల మోసం వ్యవహారమే చాలు. ఆ ఉదంతాన్ని ఒక మనిషి పతనంగా చెప్పుకొని మనం పక్కన పెట్టేశాం. దానిలో నాయకత్వం వహించేవారు, వారి కింద పనిచేసేవారు తెలుసుకోవలసిన విషయం ఇంకా చాలా మిగిలే ఉందని ఈ లేఖ రాస్తున్నాను.

మొదట చదువు సంగతి. 2008 డిసెంబరు నాటికి సత్యం బోర్డులో ఉన్నవారి జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి, ఢిల్లీ ఐఐటీ మాజీ డైరెక్టర్, పెంటియమ్ చిప్ రూపకల్పనలో పేరుపొందిన ఇంజనీరు అందులో సభ్యులు. కార్పొరేట్ పాలన గురించి దేశానికి పాఠం చెప్పగలిగినవారు ఇంతకంటే పెద్దవారు దొరకరు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆ కంపెనీకి ఉత్తమ కార్పొరేట్ పాలనకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా వచ్చింది, తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. అంటే నీతిశాస్త్రం తెలియకపోవడం వల్ల ఆ బోర్డు దెబ్బతినలేదు.

ఆ డిసెంబరు 16న బోర్డు ముందుకు వచ్చిన ప్రతిపాదన చూడండి. ప్రమోటరు, అంటే కంపెనీని స్థాపించి నడిపిస్తున్న రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను, మొత్తం సుమారు 160 కోట్ల డాలర్లకు సత్యం కొనాలన్నది దాని సారాంశం. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాటాదారుల డబ్బుతో కుటుంబ రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని కొనడం ధర్మమా అన్న ప్రశ్న అడగడానికి ఏ పట్టా అక్కర లేదు. కిరాణా కొట్టులో భాగస్వామి కూడా ఆ ప్రశ్న అడుగుతాడు. విలువ ఎలా కట్టారు, వ్యాపారానికి సంబంధం ఏమిటి అన్న సందేహాలు సమావేశంలో వచ్చాయి, వాటికి జవాబులు వచ్చాయి, చివరికి తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అమెరికా మార్కెట్‌లో ఆ కంపెనీ డిపాజిటరీ రసీదుల (అక్కడ షేర్లకు బదులుగా కొని అమ్మే పత్రాల) ధర ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది, మదుపుదారులు మండిపడ్డారు, కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం రద్దయింది. సొంత డబ్బు పెట్టినవారు వెంటనే అనగలిగిన 'వద్దు' అన్న మాటను, ఆ మాట అనడానికే నియమితులైనవారు అనలేకపోయారు. సందేహాన్ని సౌమ్యంగా వెలిబుచ్చి, అది మినిట్స్‌లోకి ఎక్కిందని తృప్తిపడి, ఆపై చేయి ఎత్తడం మన సమావేశాల్లో అందరికీ అలవాటైన మర్యాద. కాలనీ సంక్షేమ సంఘం మొదలుకొని దేవస్థానం కమిటీ వరకు నేను ఇదే చూశాను. బోర్డు గదిలో ఆ మర్యాద ఖరీదు చాలా ఎక్కువ.

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి, స్టాక్ ఎక్స్ఛేంజీలకు పంపిన లేఖ మన వ్యాపార చరిత్రలో ఒక అరుదైన పత్రం. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు కాగా అందులో 5,040 కోట్లు అసలు లేవని, రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లు కూడా లేవని, 1,230 కోట్ల అప్పును చూపలేదని, రావలసిన బాకీలను 490 కోట్లు పెంచి చూపామని అందులో ఉంది. అన్నీ కలిపితే 7,136 కోట్లు. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే 24 శాతం. నిజమైన ఆదాయం 2,112 కోట్లు, నిజమైన లాభం 61 కోట్లు, అంటే 3 శాతం. పులి మీద స్వారీ చేస్తూ, తిననివ్వకుండా దిగడం ఎలాగో తెలియని స్థితి అని ఆయన తన పరిస్థితిని వర్ణించుకున్నారు. పత్రికలన్నీ ఆ వాక్యాన్నే పట్టుకున్నాయి. నా దృష్టిలో ఆ లేఖలో ముఖ్యమైన వాక్యం అది కాదు. అసలు లాభానికీ, పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట ఉన్నది స్వల్పమైన తేడా మాత్రమేనని, ఏళ్లు గడిచేకొద్దీ అది అదుపు తప్పి పెరిగిందని అందులోనే రాశారు. మనం చదవవలసింది ఆ వాక్యాన్ని.

స్వల్పమైన తేడా ఎలా పెరుగుతుందో లెక్కలు రాసే ఎవరికైనా తెలుసు, కానీ సామాన్య పాఠకులకు కాస్త వివరంగా చెప్పాలి. ఒక త్రైమాసికంలో విశ్లేషకులకు ముందే చెప్పిన లాభం కంటే నాలుగు రూపాయలు తక్కువ వచ్చిందనుకుందాం. వచ్చే త్రైమాసికంలో సర్దుకోవచ్చులే అని ఆ నాలుగు రూపాయలకు ఒక లేని బిల్లు రాస్తారు. బిల్లు రాస్తే ఆ సొమ్ము ఎవరో ఒకరు బాకీ ఉన్నట్టు చూపాలి. బాకీ ఎంతకాలమని వసూలు కాకుండా ఉంటుంది? అందుకని వసూలైనట్టు చూపాలి. వసూలైన డబ్బు బ్యాంకులో ఉండాలి కనుక లేని నిల్వ పుట్టుకొస్తుంది. అంత నిల్వ ఉన్న కంపెనీ దాన్ని కరెంటు ఖాతాలో ఊరికే ఉంచదు కనుక దాన్ని డిపాజిట్‌గా చూపాలి, డిపాజిట్ ఉంటే వడ్డీ చూపాలి. లాభం చూపినందుకు పన్ను మాత్రం నిజమైన డబ్బుతోనే కట్టాలి. ఆ ఊహా ఆదాయంపై కట్టిన పన్ను గురించి కొత్త యాజమాన్యం ఆదాయపు పన్ను శాఖతో ఏళ్ల తరబడి వాదులాడవలసి వచ్చింది. ఇక రెండో త్రైమాసికంలో కంపెనీ అందుకోవలసిన మెట్టు నిజమైన లాభం నుంచి మొదలుకాదు, మొదటి త్రైమాసికపు అబద్ధం నుంచి మొదలవుతుంది. ఆ విధంగా మొదటిసారి నాలుగు రూపాయలు రాసినవాడికి రెండోసారి పది రూపాయలు రాయడం తప్ప మార్గం ఉండదు.

అందుచేత వ్యాపారంలో నైతిక నిర్ణయం పులి మీద ఉన్నప్పుడు జరగదు. అప్పటికి నిర్ణయించడానికి ఏమీ మిగలదు, దొరికిపోవడమా, ఒప్పుకోవడమా అన్న ఎంపిక తప్ప. నిర్ణయం జరిగేది ఆ మొదటి త్రైమాసికం చివర, ఏదో ఒక సాయంత్రం, నాలుగు రూపాయలు తక్కువ వచ్చాయని ఒక మనిషి కాగితం పట్టుకొని లోపలికి వచ్చినప్పుడు. అతనికి పెద్దాయన ఏం చెబుతారు? 'సరే, ఉన్నది ఉన్నట్టు ప్రకటిద్దాం, షేరు పడితే పడనీ' అంటారా, లేక 'చూడండి, ఏదైనా చేయండి' అంటారా? ఈ రెండో మాటలో అబద్ధం చెప్పమన్న ఆదేశం ఎక్కడా లేదు. అందుకే అది అంత ప్రమాదకరం. చేసినవాడికి పైవాడు చెప్పాడన్న ధీమా, చెప్పినవాడికి నేను అబద్ధం చెప్పమనలేదే అన్న ధీమా, ఇద్దరికీ నిద్ర పడుతుంది.

లేని ఆదాయం గాలిలో పుట్టలేదన్న సంగతి మరవకూడదు. సీబీఐ దర్యాప్తులో తేలిన నకిలీ ఇన్‌వాయిస్‌ల సంఖ్య 7,561. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, మామూలు సిబ్బందికి కనిపించకుండా దాచడానికి ప్రత్యేక అధికారాలున్న లాగిన్ వాడారు. ఒక్కో ఇన్‌వాయిస్ వెనుక ఒక తేదీ ఉంది, ఒక ఖాతాదారు పేరు ఉంది, కీబోర్డు మీద ఒక మనిషి వేళ్లు ఉన్నాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా తేల్చింది పదిమందిని. వారిలో రాజు సోదరులు, ముఖ్య ఆర్థికాధికారి, ఇద్దరు ఆడిటర్లతో పాటు ఆర్థిక విభాగంలో పనిచేసిన చిన్న ఉద్యోగులూ, అంతర్గత ఆడిట్ అధిపతీ ఉన్నారు. అందరికీ ఏడేళ్ల జైలుశిక్ష పడింది. అదే ఏడాది మే నెలలో పై కోర్టు శిక్షను నిలిపివేసి బెయిలు మంజూరు చేసింది. అప్పీళ్ల సంగతి న్యాయస్థానాలు చూసుకుంటాయి. నేను ప్రస్తావిస్తున్నది ఆ జాబితాలోని చిన్న పేర్లను. తిలా పాపం తలా పిడికెడు అంటారు గాని, పిడికెడు పంచుకున్నవారికి జీతం మాత్రం చిన్న ఉద్యోగిదే, జైలుశిక్ష పెద్దాయనతో సమానం. నెల జీతంతో ఇల్లు గడుపుకునే ప్రతి అకౌంట్స్ గుమస్తా ఈ విషయం తెలుసుకోవాలి: 'సార్ చెప్పారు' అన్న మాట కోర్టులో రక్షణ కాదు.

ఇక నేను దగ్గరగా ఎరిగిన విషయానికి వస్తాను. ఏటా మార్చి ముగిశాక కంపెనీల ఆడిట్ మొదలవుతుంది. మీ శాఖలో ఈ కంపెనీకి మార్చి 31 నాటికి ఉన్న నిల్వ ఎంత, డిపాజిట్లు ఎన్ని, వాటి మీద అప్పు ఏమైనా ఉందా అని బ్యాంకును అడిగి, బ్యాంకు ముద్ర, సంతకంతో జవాబు తీసుకోవాలి. దీన్నే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అంటాం. పద్ధతి ప్రకారం ఆ ప్రశ్నను ఆడిటరే పంపాలి, జవాబు నేరుగా ఆడిటరుకే చేరాలి. మధ్యలో కంపెనీ చేయి ఉండకూడదు, ఎందుకంటే పరీక్షకు కూర్చున్నవాడే జవాబు పత్రాన్ని మోసుకుపోతే ఇక పరీక్ష ఎందుకు? కానీ ఆ రోజుల్లో శాఖల్లో జరిగే తంతు వేరు. కంపెనీ అకౌంట్స్ విభాగం కుర్రాడు ముందే టైపు చేసిన కాగితం పట్టుకొని కౌంటర్ దగ్గరకు వచ్చేవాడు. 'సార్, ఆడిట్ అర్జంటు, ఒక సంతకం, ఒక సీలు' అని బతిమాలేవాడు. ఖాతా తీసి అంకె సరిపోల్చి సంతకం చేసి అతని చేతికే ఇవ్వడం చాలా చోట్ల మామూలు. నిజాయతీ ఉన్న కంపెనీ విషయంలో దీనివల్ల నష్టం లేదు. నిజాయతీ లేని కంపెనీ విషయంలో అతను అసలు బ్యాంకుకు రానక్కరే లేదు, ఒక లెటర్‌హెడ్, ఒక రబ్బరు ముద్ర చాలు. సత్యం ఆడిట్‌లో బ్యాంకు ధ్రువీకరణలను ఆడిటర్లు తమ అదుపులో ఉంచుకోకుండా కంపెనీ ద్వారా వచ్చిన పత్రాలనే నమ్మారన్నది 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు ఎత్తిచూపిన ప్రధాన లోపం. ఆ ఆడిట్ సంస్థలపై అప్పుడు 75 లక్షల డాలర్ల జరిమానా పడింది.

ఇంకో చిన్న సంగతి. బ్యాంకులో డిపాజిట్ ఉంటే వడ్డీ వస్తుంది, వడ్డీ వస్తే బ్యాంకు మూలంలోనే పన్ను కోస్తుంది, కోసిన పన్నుకు ఫారం 16ఏ ఇస్తుంది. రెండు లక్షల డిపాజిట్ ఉన్న రిటైర్డ్ టీచరు కూడా ఆ కాగితం కోసం జూన్‌లో శాఖ చుట్టూ తిరగడం నేను చూశాను. వేల కోట్ల డిపాజిట్లున్న కంపెనీ విషయంలో ఆ కాగితాలను వరసగా పేర్చి, కూడిక వేసి చూడడం ఒక ఆర్టికిల్డ్ క్లర్కు, అంటే ఆడిటరు దగ్గర శిక్షణలో ఉన్న కుర్రాడు, చేయగలిగిన పని. 'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అని సత్యం విషయంలో చాలామంది పెద్దలు అన్నారు. ఈశ్వరుడిదాకా ఎందుకు, బ్యాంకుకు ఒక ఫోను చేసి ఉంటే సరిపోయేది. పట్టుకోలేకపోవడం అసమర్థత అని నేను అనుకోను. పెద్ద కంపెనీ, పేరున్న మనిషి, పెద్ద ఫీజు ఉన్నచోట ఆ ఫోను చేయడం అమర్యాదగా తోస్తుంది. అడిగితే అనుమానించినట్టు అవుతుందన్న సంకోచమే అక్కడ పనిచేసింది.

ఈ సంకోచం బోర్డుకో, ఆడిటర్లకో పరిమితం కాదు. అదే 2008లో హైదరాబాద్ మెట్రో రైలు ప్రాజెక్టును మేటాస్ నాయకత్వంలోని కూటమి దక్కించుకుంది, అదీ ప్రభుత్వం నుంచి సాయం తీసుకోవడానికి బదులు ప్రభుత్వానికే ఎదురు 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తామన్న ప్రతిపాదనతో. ఈ లెక్కలో రైలు కంటే భూములే ప్రధానమని, ఇది కుంభకోణానికి దారితీస్తుందని ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ ఆ సెప్టెంబరులో ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆయన ప్రశ్నకు జవాబు వెతకలేదు, క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం దావా వేస్తామంది. 2009లో ఆ ఒప్పందమే రద్దయింది. మెట్రో రైలు నిర్మాణంలో పేరున్న ఇంజనీరుకే ఇటువంటి మర్యాద జరిగితే, ఆర్థిక విభాగంలో పనిచేసే ఒక అసిస్టెంటు మేనేజరు 'ఈ అంకె తప్పు' అని చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు?

మన ప్రాంతంలో ఈ చర్చ వచ్చినప్పుడల్లా రెండు సమర్థనలు వినిపిస్తాయి. రామలింగరాజు కంపెనీ నుంచి ఒక్క రూపాయి జేబులో వేసుకోలేదన్నది ఒకటి. 108 అంబులెన్సు పెట్టి లక్షల ప్రాణాలు కాపాడారన్నది రెండోది. మొదటిది ఆ జనవరి లేఖలో ఆయన స్వయంగా చెప్పుకున్న మాటే. 2014 జూలైలో సెబీ ఆ మాటను అంగీకరించలేదు. పెంచి చూపిన ధరల వద్ద షేర్ల లావాదేవీలతో అక్రమ లాభం పొందారని నిర్ధారించి, ఆయనతో సహా అయిదుగురిని 14 ఏళ్లపాటు మార్కెట్ నుంచి నిషేధించి, 1,849 కోట్ల రూపాయలు వడ్డీతో కట్టమంది. అప్పీళ్లలో ఆ మొత్తం తర్వాత మారింది. కానీ వాదన కోసం ఒక్క రూపాయి కూడా తీసుకోలేదనే అనుకుందాం. అప్పుడు తప్పు తగ్గిపోతుందా? 61 కోట్ల లాభాన్ని 649 కోట్లుగా చూసి, దాన్ని నమ్మి షేరు కొన్నవాడు తన కష్టార్జితాన్ని పెట్టాడు. మా కాలనీలో ఒక విశ్రాంత ఇంజనీరు తన గ్రాట్యుటీలో పెద్ద భాగాన్ని సత్యం షేర్లలో పెట్టారు, పరాయి కంపెనీ ఎందుకు, మన హైదరాబాద్ కంపెనీ ఉండగా అని. జనవరి 7 ఉదయం 179 రూపాయల దగ్గర ఉన్న షేరు సాయంత్రానికి 40కి చేరింది. నిజమైన అంకె తెలిసి ఉంటే ఆయన కొనేవారో కాదో, ఆ ఎంపిక ఆయనది. దాన్ని ఆయనకు చెప్పకుండా లాక్కోవడమే ఇక్కడి అధర్మం. డబ్బు ఎవరి జేబులోకి వెళ్లిందన్నది దాని తర్వాతి ప్రశ్న.

108 సంగతి నిజం. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ ఈనాడు దేశంలో చాలా రాష్ట్రాల్లో నడుస్తున్న అత్యవసర అంబులెన్సులకు దారి చూపింది. దాని గురించి కృతజ్ఞత చెప్పుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఒకరికి చేసిన మేలును మరొకరికి ఉన్న బాకీకి జమ కట్టాలంటే ఆ బాకీ రావలసినవాడు ఒప్పుకోవాలి. ఆ విశ్రాంత ఇంజనీరు గారిని ఎవరూ అడగలేదు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీల లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్నది. మంచి నియమమే. అయితే పాఠశాల భవనానికి పేరు పెట్టించుకున్న కంపెనీని ప్రశ్నించడానికి ఊళ్లో నోరు రాకపోవడం కూడా నేను గమనించాను.

ఈ కథలో సరైన నిర్ణయం తీసుకున్నవారు కూడా ఉన్నారు, వారి గురించి మనం దాదాపుగా మాట్లాడుకోం. పాత బోర్డును తొలగించాక కేంద్రం కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లను ముందుగా, ఆ తర్వాత మరికొందరిని నియమించింది. వారి ముందు వేలమంది ఉద్యోగులున్న కంపెనీ ఉంది, జీతాలకు నగదు లేదు, నమ్మదగిన లెక్కలు లేవు. కంపెనీకి పనులిచ్చే క్లయింట్లు చేజారకుండా ఉండడానికి పరిస్థితి బాగానే ఉందని ఒక చిన్న అబద్ధం చెప్పడానికి వారికి ఎన్నో కారణాలు ఉన్నాయి. వారు చేసింది దానికి విరుద్ధం. గతంలోని లెక్కలను నమ్మడానికి వీల్లేదని బహిరంగంగా చెప్పి, తిరిగి రాయించే పని మొదలుపెట్టి, లెక్కలు లేకుండానే వేలం పిలిచారు. 2009 ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు చెల్లించి నెగ్గింది. సవరించిన లెక్కలు బయటికి వచ్చింది 2010 సెప్టెంబరులో. అంటే 'మా దగ్గర చూపడానికి లెక్కలు లేవు' అన్న నిజానికి కూడా మార్కెట్‌లో కొనుగోలుదారు దొరికాడు. ప్రమోటర్ల వాటా తక్కువగా ఉన్నందున, పనితీరు బాగోలేదని చెబితే ఎవరో కంపెనీని చేజిక్కించుకుంటారనీ, అప్పుడు తేడా బయటపడుతుందనీ భయపడి ఆ అంకెలను దాచామని రాజు లేఖలో ఉంది. చివరికి కంపెనీ చేతులు మారనే మారింది, మారాకనే ఆ ఉద్యోగాలు నిలిచాయి.

సత్యం తర్వాత చట్టాలు చాలా మారాయి. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు ప్రకటించడం తప్పనిసరి అయింది. ఒకే ఆడిట్ సంస్థ లిస్టెడ్ కంపెనీలో వరసగా పదేళ్లకు మించి కొనసాగకూడదన్న నియమం వచ్చింది. మోసం గమనించిన ఆడిటరు ప్రభుత్వానికి తెలపాలి. ఆడిటర్ల పనిని పర్యవేక్షించడానికి 2018లో జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఇవన్నీ అవసరమైనవే. ప్రమోటర్లతో సంబంధం లేని స్వతంత్ర డైరెక్టర్లకు 2019 చివర్లో ఆన్‌లైన్ పరీక్ష కూడా పెట్టారు, ఎన్నిసార్లయినా రాసుకోవచ్చట. 2008 డిసెంబరు నాటి సత్యం డైరెక్టర్లలో ఎవరైనా ఆ పరీక్ష మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండేవారని నాకు అనుమానం లేదు.

చట్టం వల్ల కాని పని ఒకటుంది. తప్పు చెప్పడానికి వచ్చిన కింది ఉద్యోగికి రక్షణ ఇవ్వడంలో మనం ఇంకా కాగితం దాటలేదు. ఫిర్యాదుల యంత్రాంగం ఉండాలని కంపెనీల చట్టం చెబుతుంది. చాలా కంపెనీల్లో అది వెబ్‌సైట్‌లో అడుగున ఒక ఈ-మెయిల్ చిరునామాగా ఉంటుంది. 2014లో వచ్చిన ఫిర్యాదుదారుల రక్షణ చట్టం ప్రభుత్వ సేవకుల వ్యవహారాలకే పరిమితం, ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి దానితో పని లేదు. సత్యంలో కూడా మారుపేరుతో ఒక ఈ-మెయిల్ డైరెక్టరు ఒకరికి చేరింది. ఎప్పుడు? 2008 డిసెంబరు 18న, మేటాస్ వ్యవహారం రచ్చకెక్కిన తర్వాత, మూడు వారాల్లో అంతా కూలబోతుండగా. అంతకు ముందు గడిచిన అన్ని త్రైమాసికాల్లో, తెలిసిన వారిలో ఒక్కరికీ చెప్పుకోవడానికి నమ్మకమైన చోటు లేకపోయింది.

మన రాష్ట్రాల్లోని కంపెనీల తీరు వల్ల ఇది మరింత కష్టం. ఫార్మా, నిర్మాణ రంగం, రియల్ ఎస్టేట్, విద్యాసంస్థలు, చిట్‌ఫండ్లు, వేటిలో చూసినా యాజమాన్యం కుటుంబం చేతిలో, డబ్బుల విభాగం ఆ కుటుంబపు నమ్మకస్తుడి చేతిలో ఉంటుంది. ఊరివాడో, బంధువో, తండ్రిగారి కాలం నుంచి ఉన్న మనిషో అయి ఉంటాడు. బావగారికో, పెదనాన్నగారికో ఎదురుచెప్పి 'ఈ ఓచరు మీద నేను సంతకం చేయను' అనడం ఉద్యోగ సమస్య ఒక్కటే కాదు, పెళ్లిళ్లకు, పేరంటాలకు పిలుపులు ఆగిపోయే సమస్య. విశ్వాసపాత్రుడంటే మాట దాటనివాడని మనం అనుకుంటున్నంత కాలం, ఆ కుర్చీలో కూర్చున్నవాడి నుంచి యజమానికి చెడ్డ వార్త చేరదు. యజమానులు ఈ విషయం తమ స్వార్థం కోసమైనా ఆలోచించాలి. కనీసం రెండు పనులు చేయవచ్చు. అంతర్గత ఆడిట్ అధిపతిని నియమించడం, తొలగించడం, అతని జీతం పెంచడం మేనేజింగ్ డైరెక్టరు చేతిలో నుంచి తీసి ఆడిట్ కమిటీకి నిజంగా అప్పగించాలి. లెక్కలు రాసేవారి బోనస్‌ను ఆ లెక్కల్లో తేలే లాభానికి ముడిపెట్టడం మానాలి. ఇంకొకటి ఏ నియమంలోనూ రాయలేం: త్రైమాసిక సమీక్షలో అనుకున్నదానికంటే తక్కువ అంకెతో వచ్చిన మనిషిని అందరి ముందు కసురుకోకుండా, 'ఇది ఎప్పుడు తెలిసింది, ఎందుకు వచ్చింది' అని కూర్చోబెట్టి అడగడం. నేను పనిచేసిన శాఖల్లో ఇద్దరు ముగ్గురు మేనేజర్లకు ఆ గుణం ఉండేది. మొండి బాకీలు ముందుగా బయటపడింది వారి శాఖల్లోనే, ఏడాది చివర వారి అంకెలు మిగతావారికంటే చిన్నగా కనిపించేవి, ప్రమోషన్లు కూడా కాస్త ఆలస్యంగానే వచ్చేవి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. సత్యం వెలుగుతున్న రోజుల్లో తెలుగు పత్రికలన్నీ ఆ సంస్థ అవార్డులను, విస్తరణను ఫొటోలతో ప్రచురించాయి. కుటుంబ షేర్లు తాకట్టుకు వెళ్తున్న సంగతి, ప్రమోటర్ల వాటా ఏటేటా తరిగిపోతున్న సంగతి బిజినెస్ పేజీలో వార్త కాలేదు. ఇప్పుడు ఆ సమాచారం కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర లేదు. తాకట్టు షేర్ల శాతం, గడువుకు ముందే తప్పుకున్న ఆడిటర్లు చెప్పిన కారణాలు, సొంత గ్రూపు కంపెనీలతో జరిపిన లావాదేవీలు స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. అవి ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, గ్రాట్యుటీ డబ్బు పెట్టుకునే మావంటి వారి కంట పడనిచోట ఉంటాయి. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ కేంద్రాలుగా పనిచేస్తున్న లిస్టెడ్ కంపెనీలకు సంబంధించిన ఈ మూడు వివరాలను త్రైమాసికానికి ఒకసారి, త్రైమాసిక లాభాల ప్రకటనల పక్కనే, అదే సైజు అక్షరాల్లో తెలుగులో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ప్రకటనల విభాగంవారు అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరాన్ని కూడా పాఠకులకు తెలియజేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారి,
హైదరాబాద్.